వాచీ కొలిచేది వెలుతురునే, మిగతాదంతా లెక్క

స్మార్ట్ వాచీల గురించి మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో రెండే రకాల మెసేజిలు తిరుగుతుంటాయి. ఒకటి, "వాచీ అలర్ట్ ఇచ్చింది, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం, టైముకి వెళ్ళబట్టి మనిషి దక్కాడు" అని. రెండోది, "అదంతా బోగస్ అండీ, టిష్యూ పేపర్ రోల్‌కి తొడిగినా పల్స్ చూపిస్తుంది" అని. రెండూ జరిగేవే. మరి ఒకచోట ప్రాణం కాపాడిన వస్తువు ఇంకోచోట టిష్యూ పేపర్‌కి గుండె ఉందని ఎలా అంటుంది? ఈ సంగతి కాస్త అర్థమైతే రోజూ పేపర్లో వచ్చే "రోగాన్ని ముందే పసిగట్టే ఏఐ" వార్తల్లో ఏది గింజో ఏది పొట్టో మనమే చెరుక్కోవచ్చు.

వాచీ తీసి వెనక్కి తిప్పి చూడండి, ఆకుపచ్చ లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. ఆ వెలుతురు చర్మంలోకి వెళ్ళి, కొంత రక్తంలో ఇంకిపోయి, మిగిలింది వెనక్కి వస్తే పక్కనే ఉన్న చిన్న సెన్సార్ దాన్ని పట్టుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింద ఉన్న సన్న నాళాల్లోకి కాస్త రక్తం ఎక్కువ వస్తుంది, అప్పుడు వెనక్కొచ్చే వెలుతురు కాస్త తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ తగ్గుతుంది, అలా వచ్చే అలల గీతనే పీపీజీ అంటారు. అంతకు మించి ఆ లైటుకి ఏమీ తెలీదు. గుండె ఎక్కడుందో కూడా తెలీదు. చెయ్యి ఊపినా వెలుతురు మారుతుంది, బెల్టు వదులుగా ఉన్నా మారుతుంది, మణికట్టు మీద పచ్చబొట్టు ఉన్నా గీత చెడిపోతుంది. అందుకే కదలికని పసిగట్టే ఇంకో సెన్సార్ పెట్టి, దాన్నుంచి వచ్చిన గోలని ఇందులోంచి తీసేసే ప్రయత్నం చేస్తారు. అయినా ఒక్కోసారి, మనిషి నిమిషానికి 165 అడుగులు వేస్తూ పరిగెడుతుంటే వాచీ ఆ అడుగుల తాళాన్నే గుండె తాళం అనుకుని పల్స్ 165 అని చూపిస్తుంది, రన్నింగ్ చేసేవాళ్ళని అడగండి, చాలామందికి అనుభవమే.

అంటే కొలిచింది వెలుతురు. పల్స్ అనేది దాని మీద వేసిన లెక్క. "గుండె లయ తప్పింది" అనేది ఆ లెక్క మీద ఇంకో లెక్క. "మీ స్ట్రెస్ స్కోర్ 72" అనేది దాని మీద మళ్ళీ ఇంకోటి, దాని మీద నాకైతే పెద్దగా నమ్మకం లేదు. ఒక్కో మెట్టు పైకెక్కేకొద్దీ తప్పు దూరడానికి ఒక్కో సందు ఎక్కువ దొరుకుతుంది. హెల్త్ రీసెర్చ్‌లో అసలు పనంతా ఈ సందులెక్కడున్నాయో పట్టుకోవడమే, ఏఐ మోడల్ తయారు చేయడం దాంతో పోలిస్తే ఈ రోజుల్లో సులువైన భాగం.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ సంగతే చూద్దాం, 2021 సెకండ్ వేవ్‌లో అది లేని ఇల్లు లేదు కదా. మంచం పక్కన కూర్చుని చూపుడు వేలికి క్లిప్పు పెడితే 91 వస్తుంది, ఇంట్లో అందరికీ గుండె ఆగినంత పని అవుతుంది, ఎవరో ఒకరు "వేలు చల్లగా ఉంది, రుద్ది మళ్ళీ పెట్టు" అంటారు, రుద్ది మధ్య వేలికి పెడితే 96. గోళ్ళ రంగు ఉంటే ఇంకో నంబరు. దీని వెనక ఉన్న సూత్రాన్ని 1970ల్లో జపాన్‌లో తకువో అయోయాగి అనే ఇంజనీర్ కనిపెట్టాడు. ఎర్ర వెలుతురు ఒకటి, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ ఒకటి వేలిలోంచి పంపిస్తే, ఆక్సిజన్ ఉన్న రక్తం ఒకలాగా, లేని రక్తం ఇంకోలాగా వాటిని పీల్చుకుంటాయి, ఆ రెండిటి నిష్పత్తి నుంచి ఆక్సిజన్ శాతం లెక్కగడతారు. బ్రహ్మాండమైన ఆలోచన, దానివల్ల ఆపరేషన్ థియేటర్లలో ఎన్ని ప్రాణాలు నిలిచాయో.

కానీ నిష్పత్తి నుంచి శాతానికి వెళ్ళే ఆ పట్టిక ఎక్కడిది? ఆరోగ్యంగా ఉన్న కొంతమంది వాలంటీర్లకి కావాలని తక్కువ ఆక్సిజన్ ఉన్న గాలి పీల్పించి, ధమనిలోంచి రక్తం తీసి పరీక్షించి, ఆ అసలు విలువ పక్కన వెలుతురు నిష్పత్తి రాసుకుంటూ పోయి తయారు చేసిన పట్టిక అది. ఆ వాలంటీర్లు ఎక్కువమంది తెల్లవాళ్ళైతే పట్టిక వాళ్ళకే సరిపోతుంది. చర్మంలోని మెలనిన్ కూడా వెలుతురుని పీల్చుకుంటుంది మరి. 2020 డిసెంబర్‌లో అమెరికా మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు దీన్ని పెద్ద డేటాతో బయటపెట్టారు: ఆక్సీమీటర్ 92 నుంచి 96 మధ్య చూపిస్తున్న పేషెంట్లలో, రక్తం తీసి చూస్తే అసలు ఆక్సిజన్ 88 కన్నా తక్కువ ఉన్నవాళ్ళు తెల్లవాళ్ళలో 3.6 శాతం ఉంటే నల్లవాళ్ళలో 11.7 శాతం ఉన్నారు. మూడు రెట్లు! నంబరు బాగానే ఉంది కదా అని ఆక్సిజన్ పెట్టకుండా కూర్చోబెట్టిన వాళ్ళు అందులో ఎంతమందో. అప్పటిదాకా మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అడిగిందల్లా కనీసం పది మంది మీద టెస్ట్ చేయమని, అందులో ఇద్దరో లేక 15 శాతమో ముదురు రంగు చర్మం ఉన్నవాళ్ళు ఉండాలని. 2025 జనవరిలో కొత్త ముసాయిదా తెచ్చి 150 మందికి పెంచాలన్నారు, చర్మం రంగుల్ని కూడా సరిగ్గా పంచమన్నారు. మన ఇళ్ళల్లో ఒకే తల్లి పిల్లలు ఒకడు ఎరుపు, ఒకడు చామనఛాయ, ఒకడు నలుపు ఉంటారు కాబట్టి ఇదేదో అమెరికా గొడవ అని పక్కన పెట్టే విషయం కాదు.

ఇంత పాత, ఇంత సింపుల్ లెక్కలోనే ఇలా ఉంటే, కొన్ని లక్షల గీతలు చూసి తనంతట తానే నేర్చుకునే ఏఐ పెడితే ఏమవుతుంది అన్నది తర్వాతి ప్రశ్న.

గుండె లయ తప్పే జబ్బుల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని ఒకటుంది, ఏఫిబ్ అంటారు. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా అదురుతుంటాయి, అక్కడ రక్తం నిలిచి గడ్డ కట్టి అది మెదడుకి పోతే పక్షవాతం. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, వచ్చి పోతూ ఉంటుంది, డాక్టర్ దగ్గర పది సెకన్లు తీసే ఈసీజీలో దొరకదు. రోజంతా చేతికి ఉండే వస్తువు పట్టుకుంటే మంచిదే కదా అని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు, ఆపిల్ కంపెనీ డబ్బుతో, 2017 చివర్లో ఆపిల్ హార్ట్ స్టడీ మొదలుపెట్టారు. ఎనిమిది నెలల్లో 4,19,297 మంది చేరారు. ఒక్క హాస్పిటల్ గడప తొక్కకుండా, ఫోన్‌లోనే సంతకాలు పెట్టి. పాత పద్ధతిలో అంతమందిని పోగుచేయాలంటే ఏళ్ళు పట్టేది, అసలు సెన్సార్లు రీసెర్చ్‌కి ఇచ్చిన పెద్ద వరం ఇదే అని నా అభిప్రాయం.

ఇక ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చూడండి. నాలుగు లక్షల చిల్లర మందిలో వాచీ "మీ పల్స్ లయ తప్పుతోంది" అని చెప్పింది 2,161 మందికి, అంటే 0.52 శాతం. వాళ్ళలో స్టడీ డాక్టర్‌తో వీడియోలో మాట్లాడింది 945 మంది. వాళ్ళలో 658 మందికి ఛాతీకి అంటించుకునే ఈసీజీ ప్యాచ్ పోస్టులో పంపారు. వాడి, విశ్లేషించడానికి పనికొచ్చేలా తిరిగి పంపింది 450 మంది. ఆ 450 మందిలో ఏఫిబ్ కనిపించింది 34 శాతం మందికి. హెడ్‌లైన్ రాసేవాడికి ఇక్కడ రెండు దారులున్నాయి, "వాచీ చెప్పిన ముగ్గురిలో ఇద్దరికి ఏమీ లేదు" అని రాయొచ్చు, లేదా "ప్యాచ్, వాచీ రెండూ ఉన్నప్పుడు వచ్చిన అలర్టుల్లో 84 శాతం కరెక్ట్" అని రాయొచ్చు, ఆ రెండో నంబరు కూడా ఆ స్టడీ రీసెర్చ్ పేపర్లోనే ఉంది. రెండూ నిజమే. ఎందుకంటే అలర్ట్ వచ్చిన రోజుకీ ప్యాచ్ అంటించుకున్న రోజుకీ మధ్య వారాలు గడిచాయి, వచ్చిపోయే జబ్బు ఆ వారంలో రాకపోయి ఉండొచ్చు. మరి ప్యాచ్ తిప్పి పంపని వాళ్ళ సంగతి? అలర్ట్ చూసి కూడా డాక్టర్‌కి ఫోన్ చేయని సగం మందికి పైగా జనం సంగతి? సెన్సార్ స్టడీల్లో డేటా ఇలా కారిపోతూనే ఉంటుంది, మిగిలినవాళ్ళు పోయినవాళ్ళలాగే ఉంటారని గ్యారంటీ లేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకుందాం, ఈ టాపిక్ మొత్తంలో చాలామంది తడబడేది ఇక్కడే. జబ్బు ఉంటే 98 శాతం సార్లు పట్టుకునే, లేకపోతే 98 శాతం సార్లు లేదని చెప్పే ఒక వాచీ ఉందనుకోండి, ఊహకి. అడ్వర్టైజ్‌మెంట్‌లో "98 శాతం కరెక్ట్" అని వేస్తారు. దాన్ని వెయ్యిలో ఒకరికి జబ్బున్న కుర్రాళ్ళు లక్ష మందికి పెట్టాం. జబ్బున్నది 100 మందికి, వాళ్ళలో 98 మందిని పట్టుకుంది, శభాష్. జబ్బు లేనివాళ్ళు 99,900, వాళ్ళలో రెండు శాతం అంటే 1,998 మందికి ఊరికే అలర్ట్ కొట్టింది. మొత్తం అలర్టులు 2,096, అందులో నిజమైనవి 98. అంటే అలర్ట్ వచ్చిన వందమందిలో నిజంగా జబ్బున్నది ఐదుగురికి కూడా కాదు. అదే వాచీ, అదే సాఫ్ట్‌వేర్, నూటికి ఐదుగురికి జబ్బు ఉండే పెద్దవయసు వాళ్ళు లక్ష మందికి పెడితే? 5,000 మందిలో 4,900 దొరుకుతారు, ఊరికే మోగేవి 1,900, అలర్ట్ వచ్చిన వందలో 72 మందికి నిజంగానే ఉంది. వాచీలో ఏమీ మారలేదు, పెట్టుకున్న చెయ్యి మారింది. అందుకే పాతికేళ్ళ కుర్రాడికి వచ్చిన అలర్టూ, డెబ్భై ఏళ్ళ తాతగారికి వచ్చిన అలర్టూ ఒకటి కావు. ఆపిల్ స్టడీలో చేరినవాళ్ళలో సగం మందికి పైగా నలభై లోపువాళ్ళే అని కూడా గుర్తుపెట్టుకోండి.

సరే, కరెక్టుగానే పట్టుకుంది అనుకుందాం, అప్పుడైనా మేలు జరుగుతుందా? డెన్మార్క్‌లో లూప్ అనే ట్రయల్ చేశారు, 70 నుంచి 90 ఏళ్ళ మధ్య ఉన్న 6,004 మంది, కొందరికి చర్మం కింద గుండె లయని నిరంతరం రికార్డు చేసే పరికరం పెట్టారు, మిగతావాళ్ళకి మామూలు వైద్యమే. ఫలితాలు 2021లో వచ్చాయి. పరికరం ఉన్నవాళ్ళలో 31.8 శాతం మందికి ఏఫిబ్ దొరికింది, లేనివాళ్ళలో 12.2 శాతం. రక్తం పలచబడే మందులు రెండు రెట్లకి పైగా ఎక్కువమందికి మొదలుపెట్టారు. పక్షవాతాలు మాత్రం 5.6 శాతం నుంచి 4.5కి, అది కూడా స్టాటిస్టిక్స్ ప్రకారం గట్టిగా చెప్పగలిగే తేడా కాదు. ఎందుకంటే రోజుల తరబడి వెతికి పట్టుకునే కొద్ది నిమిషాల ఏఫిబ్, డాక్టర్ దగ్గర మామూలుగా దొరికే ఏఫిబ్ అంత ప్రమాదకరం కాకపోవచ్చు. మందులతోనేమో రక్తస్రావం రిస్కు ఉండనే ఉంది. జబ్బుని కనిపెట్టడం, మనిషికి మేలు చేయడం రెండూ వేరువేరు అని ఇంత ఖరీదు పెట్టి తెలుసుకున్న స్టడీ ఇది.

ఇప్పుడు ఏఐ వైపు వద్దాం. మోడల్‌కి నేర్పించడానికి కొంత డేటా వాడతారు, పరీక్ష పెట్టడానికి ఇంకొంత పక్కన పెడతారు. ఒక్కో మనిషి నుంచి వందలకొద్దీ చిన్న ముక్కలు తీసుకుంటారు కాబట్టి, అన్నీ కలిపి ఇష్టమొచ్చినట్టు రెండు కుప్పలుగా పంచేస్తే ఒకే మనిషి ముక్కలు రెండువైపులా పడతాయి. అప్పుడు మోడల్ జబ్బు నేర్చుకోదు, మనిషిని గుర్తుపడుతుంది: "ఈ నడక నేను చూశానే, ఇతనికి పార్కిన్సన్స్ ఉంది" అన్నమాట. ప్రశ్నపత్రం లీకైన ఇంటర్ పరీక్షలాంటిది, మార్కులు 98 వస్తాయి. 2017లో ఈ రకం రీసెర్చ్ పేపర్లని పోగేసి చూస్తే 45 శాతం ఇలాగే పంచినవని తేలింది. కొత్త మనిషి చేతికి పెట్టగానే ఆ 98 ఎక్కడికి పోతుందో వాడినవాళ్ళకే తెలుసు.

ఎక్స్‌రేల్లో ఇంకా విచిత్రాలు. 2018లో న్యూయార్క్ పరిశోధకులు ఛాతీ ఎక్స్‌రే చూసి నిమోనియా చెప్పే మోడల్‌ని పరీక్షిస్తే, అది ఎక్స్‌రే ఏ హాస్పిటల్‌ది అని పట్టేస్తోంది. ఒక హాస్పిటల్‌లో నిమోనియా కేసులు ఎక్కువ కాబట్టి, హాస్పిటల్ గుర్తుపడితే సగం జవాబు వచ్చేసినట్టే, ఊపిరితిత్తులు చూడాల్సిన అవసరమేముంది? టెక్నీషియన్ ఎడమ కుడి తెలియడానికి పెట్టే లోహపు గుర్తు కూడా దానికి క్లూ అయింది. కోవిడ్ టైములో అయితే ఇక అడగక్కర్లేదు, ఎక్స్‌రే, స్కాన్ చూసి కోవిడ్ చెప్పే ఏఐ మీద వేలల్లో పేపర్లు వచ్చాయి, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ళు 2021లో వాటిని వడపోసి 62 మిగిల్చి లోతుగా చూస్తే డాక్టర్ చేతికి ఇవ్వదగ్గది ఒక్కటీ లేదన్నారు. కొన్నిట్లో "కోవిడ్ లేనివాళ్ళు" అని పెట్టిన ఎక్స్‌రేలు చిన్నపిల్లలవి! పాపం మోడల్ నేర్చుకుంది పెద్దవాళ్ళని పిల్లల నుంచి వేరు చేయడం.

ఇదంతా విని ఏఐ పనికిరాదు అనుకోకండి, కళ్ళ దగ్గర కథ వేరు. షుగర్ ముదిరితే రెటీనా దెబ్బతింటుంది, ముందే పట్టుకుంటే చూపు నిలబెట్టొచ్చు. గూగుల్ వాళ్ళు 2016లో 1,28,175 రెటీనా ఫోటోలతో ఒక మోడల్ తయారు చేశారు, ఆ ఫోటోల్లో మన దేశంలో మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ లాంటి హాస్పిటళ్ళవి కూడా ఉన్నాయి, అంటే మన కళ్ళు చూసి కూడా నేర్చుకుంది. తర్వాత అక్కడే కొత్త పేషెంట్ల మీద పెట్టి చూసినా బాగానే నిలబడింది. అదే టెక్నాలజీని థాయ్‌లాండ్‌లో 11 క్లినిక్కులకి తీసుకెళ్తే మాత్రం, ఐదో వంతుకి పైగా ఫోటోలని మోడల్ "క్వాలిటీ బాలేదు" అని తిప్పికొట్టింది. నర్సులు తీసింది మామూలు గదిలో, చీకటి సరిపోదు, నెట్ స్లో, ఫోటో అప్‌లోడ్ అయ్యేసరికి బయట లైను పెరుగుతోంది, తిప్పికొట్టిన వాళ్ళనేమో ఇంకో రోజు ఇంకో ఊరు వెళ్ళి స్పెషలిస్టుని చూడమనాలి. మోడల్ తెలివిలో లోపం లేదు, గది కిటికీకి కర్టెన్ లేదు. మన ప్రైమరీ హెల్త్ సెంటర్ ఏదైనా ఒక్కసారి ఊహించుకోండి.

షుగర్ మాట వచ్చింది కాబట్టి భుజానికి అంటించుకుంటే రోజంతా షుగర్ చూపించే ఆ గుండ్రటి సీజీఎం సెన్సార్ సంగతి కూడా చూద్దాం. 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని చెప్పాక ఈ సెన్సార్లు షుగర్ లేనివాళ్ళు కూడా పెట్టుకుంటున్నారు, ఇడ్లీ తింటే ఎంత పెరిగింది, దోసెకి ఎంత అని. అది కొలిచేది రక్తం కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజ్‌ని, అందుకే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే ఆ ఒత్తిడికి అర్ధరాత్రి "షుగర్ పడిపోయింది" అని దొంగ అలారం కొడుతుంది కూడా. 2015లో ఇజ్రాయెల్ వీజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 800 మందికి ఈ సెన్సార్లు పెట్టి 46,898 భోజనాల డేటా తీసి, ఒకే తిండికి ఒక్కొక్కరి షుగర్ ఒక్కోలా పెరుగుతుందని చూపించి, పేగుల్లో ఉండే బ్యాక్టీరియా వివరాలు కలిపితే ఎవరికి ఎంత పెరుగుతుందో ఏఐ ముందే చెప్పగలదన్నారు. "మీకోసమే డైట్" అనే బిజినెస్‌కి అక్కడినుంచి ఊపొచ్చింది. తీరా 2025లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వాళ్ళ పేపర్ ఒకటి వచ్చింది, ఒకే మనిషికి ఒకే భోజనం రెండుసార్లు పెట్టి చూస్తే ఆ రెండుసార్లకే రీడింగులు బాగా తేడాగా వచ్చాయి. మనిషికీ మనిషికీ ఉన్న తేడా ఎంత, మంగళవారానికీ గురువారానికీ ఉన్న తేడా ఎంత అనేది విడదీయకుండా "మీకు ఇడ్లీ పడదు" అని యాప్ చెప్తే, ఒక్క ప్లేటు చూసి ఇడ్లీ మానేయక్కర్లేదు.

మరి సెన్సార్లు గట్టిగా ఎక్కడ నిలబడ్డాయి అంటే, మనల్ని మనతోనే పోల్చినప్పుడు. నాకు మామూలుగా పడుకున్నప్పుడు పల్స్ 58 ఉంటుంది, మీకు 74, రెండూ నార్మలే, డాక్టర్ ఒక్కసారి చూస్తే ఏమీ తెలీదు. కానీ నాది రెండు రాత్రులు 66 ఉంటే ఏదో జరుగుతోంది. అమెరికాలో స్క్రిప్స్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు ఐదు రాష్ట్రాల్లో 47,249 మంది ఫిట్‌బిట్ వాచీల డేటా తీసుకుని, విశ్రాంతిలో పల్స్, నిద్ర మామూలు కన్నా పెరిగిన జనం ఎంతమందో వారం వారం లెక్కేస్తే, ఫ్లూ ఎక్కడ పెరుగుతోందో అంచనా మెరుగుపడింది. 2020లో కోవిడ్‌కి అదే చేశారు, 30,529 మందితో: లక్షణాలు మాత్రమే అడిగి వేసిన అంచనా కన్నా, లక్షణాలకి వాచీ డేటా కలిపితే బాగా వచ్చింది. ఈ కలిపితే అన్న మాట ముఖ్యం, మనిషిని అడగడం మానేసి సెన్సార్‌నే నమ్మితే అంత రాలేదు. జ్వరమూ, రాత్రి పార్టీలో తాగిన మందూ, పల్స్ దగ్గర ఒకేలా కనిపిస్తాయి మరి.

డేటా ఎవరిది అనే గొడవ వేరే వ్యాసం అంత ఉంది, ఒక్క విషయం చెప్పి వదిలేస్తాను: పేరు, ఫోన్ నంబరు తీసేస్తే చాలు, ఎవరిదో తెలీదు అనేది ఈ డేటాకి సరిగ్గా కుదరదు. పైన చెప్పినట్టు మోడల్ నడక చూసే మనిషిని గుర్తుపడుతుంది కదా, అక్కడ పరీక్షలో దొంగ మార్కులు తెచ్చిపెట్టిన ఆ గుణమే ఇక్కడ ప్రైవసీ సమస్య. మనకి 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, అదే ఏడాది ఐసీఎంఆర్ వైద్యంలో ఏఐ వాడకానికి నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది, యాప్‌లో "ఐ అగ్రీ" నొక్కేముందు డేటా రీసెర్చ్‌కా, ఇన్సూరెన్స్ కంపెనీకా అని ఆ పెద్ద పేజీలో ఒక్క లైను వెతికితే చాలు.

ఇక ఇలాంటి వార్త చదివినప్పుడు నేనైతే అసలు పేపర్ దొరికితే తిన్నగా టేబుల్ 1కి వెళ్తాను. దాదాపు ప్రతి మెడికల్ పేపర్లో ఉంటుంది అది, ఎంతమంది, ఏ వయసు, ఆడ మగ ఎంత, ఏ జాతి, బీపీ షుగర్ ఉన్నవాళ్ళెంతమంది అని. ఆపిల్ హార్ట్ స్టడీ టేబుల్లో ఏషియన్లు పదిలో ఒకరు కూడా లేరు, ఐఫోన్ కొనలేనివాళ్ళు అసలే లేరు. మా అమ్మ వయసు, మా అమ్మ రంగు, మా అమ్మకున్న షుగరు ఉన్న ఆవిడ ఆ టేబుల్లో ఎక్కడైనా కనిపిస్తే, అప్పుడు మిగతా పేజీలు తిప్పుతాను.